మూడు గజాల తేడా

మార్ల్‌బీ, నార్ఫోక్
2 మార్చి 1998

బాబాయికి,

ఫోన్ చేస్తే షీలా అక్క ఎత్తుతుంది. నేనన్న ప్రతి మాటా నీ చెవిలో అరిచి చెప్పాలి, నువ్వన్నది నాకు తిరిగి చెప్పాలి. పోయినసారి అలా అరిచి అరిచి రెండు రోజులు గొంతు పోయిందట పాపం. అందుకే ఈ ఉత్తరం.

నవ్వనంటే ఒక కబురు చెబుతాను. మన చర్చికి మరుగుదొడ్డి వస్తోంది. గంటల గోపురం కింద గదిలో ఒక దొడ్డి, ఒక కుళాయి, టీ కాచుకోవడానికి ఒక బల్ల. కొత్త పాస్టరుగారూ సంఘపెద్ద హోవ్స్ గారూ కలిసి పదకొండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి అనుమతి తెచ్చారు. ఇన్నాళ్ళూ పాటల బృందంలో ముసలమ్మలు ప్రసంగం మధ్యలో లేచి, రోడ్డు దాటి మా ఇంటికే పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఇక అమ్మకి ఆ అతిథుల బెడద తప్పుతుంది.

దీనికి మురుగు గొట్టం వేయాలి కదా. చర్చికి ఉత్తరం పక్కన, గోడకి కాస్త ఎడంగా, సందు దాకా మూడడుగుల లోతు కందకం తవ్వుతారు. ఇంత పాత చర్చి నేల కదిలిస్తే మా పురావస్తు ఆఫీసు మనిషి పక్కన నిలబడి చూడాలని షరతు. ఎముక బయటపడితే ఆపాలి, పాత గోడ కనబడితే గీసుకోవాలి. ఆ మనిషిని నేనే. సొంత ఊరు కదా, ఇబ్బంది ఉండదా అని మా పెద్దాయన అడిగాడు. సొంత ఊరు కాబట్టే నాకివ్వండి అన్నాను.

నీతో ఒక పని. ఉత్తరం వైపు నాన్న సమాధి ఉన్న వరుసలో నాలుగు రాళ్ళున్నాయి. ఆ వరుస దాటాక మూడు గజాల దగ్గర ఖాళీ పట్టీ ఉంది, దాని తర్వాత కంచె చెట్లు. గొట్టం ఆ ఖాళీలోంచి వెళ్తుంది. అది నిజంగా ఖాళీయేనా? నలభై ఏళ్ళు ఆ నేలలో గోతులు తవ్వినవాడివి, నీకు తెలియనిది రిజిస్టరుకేం తెలుస్తుంది.

అమ్మ ఎప్పట్లానే ఆదివారం ఆదివారం నాన్నకి పూలు పెట్టి, అరగంట కబుర్లు చెప్పి వస్తోంది. ఆపరేషన్ అయ్యాక గుండె బలహీనంగానే ఉందన్నాడు డాక్టరు. తను మాత్రం ధైర్యంగానే ఉంది. "నన్ను మీ నాన్న మీదే పెట్టండి, మీ బాబాయి ఇద్దరికీ సరిపడా లోతు తవ్వాడు" అని నెలకోసారి గుర్తుచేస్తుంది.

త్వరగా రాయి.

నీ బ్రెండా

---

ఒబాన్, స్కాట్లాండ్
7 మార్చి

తల్లీ బ్రెండా,

నీ ఉత్తరం చేరింది. కళ్ళజోడు వెతుక్కోవడానికి ఒక పూట పట్టింది. దొరికాక రెండుసార్లు చదివాను.

ఇక్కడ వాన. నిన్న రేవు దగ్గర బెంచీ మీద కూర్చుని వేయించిన చేప తింటుంటే సీగల్ పిట్ట ఒకటి సగం ముక్క నా చేతిలోంచే లాక్కుపోయింది. మీ అక్క పొద్దున్నే ఓట్స్ జావలో ఉప్పేసి పెడుతుంది. పంచదార అడిగితే అల్లుడు నన్ను మతం మార్చుకున్నవాణ్ణి చూసినట్టు చూస్తాడు.

మరుగుదొడ్డి సంగతి. మా తాత, మా నాన్న, నేను, ముగ్గురం గంటన్నర ప్రసంగాలు విని ఇంటికెళ్ళేదాకా ఓపిక పట్టినవాళ్ళమే. ఇప్పటివాళ్ళకి భక్తి తగ్గిందో, ఒంట్లో పట్టు తగ్గిందో నాకు తెలీదు.

కందకం ఉత్తరం వైపు వద్దు. దక్షిణం వైపు పాత బాట వెంబడి తీసుకుపొమ్మను. ఉత్తరం నేల చెమ్మ, గొట్టం కుంగుతుంది. మీ నాన్న ఉన్న చోటికి యంత్రాన్ని రానివ్వకు. తవ్వకపోతే ఖాళీయా కాదా అన్న ప్రశ్నే అక్కర్లేదు.

వదినకి గుండె ఎంతవరకు బాగాలేదు? దాచకుండా రాయి.

విల్ఫ్ బాబాయి

---

మార్ల్‌బీ
12 మార్చి

బాబాయికి,

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. నువ్వు పాస్టరుగారికంటే కూడా బలవంతుడివి. కానీ గొట్టం దక్షిణం వైపు వెళ్ళదు. అటు ఐదువందల ఏళ్ళ సమాధులు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి, పార దించితే ఎముక తగలని చోటు లేదు. పైవాళ్ళు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. ఉత్తరం వైపు ఎప్పుడూ ఎవరూ ఇష్టపడి పెట్టించుకోలేదు, ఎండ రాదని. అందుకే అటు చోటు మిగిలింది.

నీ బెంగ నాకర్థమైంది. నాన్న రాయి దగ్గర యంత్రం తిరగడం నీకిష్టం లేదు, అంతేగా? రాయికీ కందకానికీ మధ్య మూడు గజాలుంది, చక్కలు పరిపిస్తాను, చక్రం పచ్చిక మీద ఆనదు. పైగా అది బీట్ దుంపల పొలంలో తిరిగే రాక్షసి కాదు, చిన్న యంత్రం. పళ్ళు లేని వెడల్పాటి బకెట్టుతో నేలని పొరలు పొరలుగా గీస్తుంది. నేను ఎదురుగా నిలబడి చెయ్యెత్తితే ఆగాలి. ఇరవై మంది మగవాళ్ళని చెయ్యెత్తి ఆపే ఉద్యోగం ఇంకెక్కడుంది చెప్పు.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. జావ దగ్గర బాగా నవ్వింది. "మరిదికి ఇలా రాయవే, రాళ్ళ వరుస ఇప్పటికీ నూలు పట్టినట్టే ఉంది, అలా నిలబెట్టేవాళ్ళు ఇప్పుడు లేరు" అంది. నిజమే, చర్చి పెట్టెలో 1971లో నువ్వు గీసిన పటం దొరికింది. మా ఆఫీసులో చదువుకున్నవాళ్ళు కూడా అంత శుభ్రంగా గీయరు. ఆ కొలతలు రాసుకున్న పుస్తకం నీ దగ్గరే ఉందా? పంపితే నా పని సులువవుతుంది.

అమ్మ గుండె గురించి దాచడానికేమీ లేదు. మెట్లు ఎక్కకూడదు, అంతే. సమాధుల తోటకి మెట్లు లేవు కాబట్టి తనకి బాధ లేదు.

ప్రేమతో,
బ్రెండా

---

ఒబాన్
17 మార్చి

బ్రెండా,

నా ఉత్తరాలు మీ అమ్మకి చదవమని నీకెవరు చెప్పారు? ఇకముందు చదవకు.

పుస్తకం ఎక్కడుందో తెలీదు. 1971 గురించి అడిగావు కాబట్టి చెబుతాను. ఆ ఏడు సంఘం గడ్డి కోసే యంత్రం కొంది. అంతవరకూ కొడవలితో నేనే కోసేవాణ్ణి, ఎవరికీ ఏ లోటూ లేదు. యంత్రం వచ్చాక సమాధుల మీది మట్టి దిబ్బలు అడ్డమయ్యాయి, వంగిన రాళ్ళు అడ్డమయ్యాయి. అప్పటి పాస్టరుగారు రాళ్ళన్నీ పీకించి, దిబ్బలు చదును చేయించి, మళ్ళీ రాళ్ళని తిన్నగా నాటమన్నారు. ఉత్తరం వైపు నాలుగే రాళ్ళు. మీ నాన్నది కాక మిగతా మూడింటికీ వచ్చిపోయేవాళ్ళు లేరు. పీకేముందు కొలతలు రాసుకున్నాను. రాళ్ళు దక్షిణపు గోడకి చేరేశాం. తొమ్మిది రోజులు ఒకటే వాన. పదో రోజు నాటాను. వరుస బాగుందని అందరూ మెచ్చుకున్నారు. దాన్ని పొగడడం ఇక ఆపమను వదినని.

ఇంకో మాట గుర్తుపెట్టుకో. నేను పూడ్చిన ప్రతి గోతిలో, తలవైపు, మోకాటి లోతున, ఇంటి కప్పు పలకరాయి ఒకటి బోర్లా పెట్టేవాణ్ణి. పేరులో మొదటి అక్షరాలు, పోయిన ఏడాది, మేకుతో గీకి. రాయి పెట్టించుకునే స్తోమత లేనివాళ్ళని తర్వాత తవ్వేవాడు ఎరక్క కదిలించకూడదని. మా నాన్నకి ఆ అలవాటు లేదు, నేనే మొదలుపెట్టాను. పలక కనబడితే యంత్రాన్ని ఆపు. కానీ నువ్వు తిప్పి చూడకు. హోవ్స్ చేత తిప్పించు.

ఈ పని ఈస్టర్ దాకా ఆపించగలవా? నేనే వస్తాను. వచ్చి చెబుతాను.

విల్ఫ్

---

మార్ల్‌బీ
20 మార్చి

బాబాయ్,

ఆపించలేను. యంత్రం గురువారం, ఇరవై ఆరున వస్తుంది. దాన్ని ఆపాలంటే నేను కాగితం మీద కారణం రాయాలి. మా బాబాయికి ఇష్టం లేదు అని రాయనా?

కోపం తెచ్చుకోకు, సూటిగా అడుగుతున్నాను. ఆ ఖాళీలో రిజిస్టరుకెక్కని మనిషినెవరినైనా పెట్టావా? నీ ఉత్తరం సంగతి చెబితే హోవ్స్ గారు, "గుమ్మడికాయల దొంగ అనకముందే మీ బాబాయి భుజాలు తడుముకుంటున్నాడేమిటమ్మా" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఇంటికొచ్చి మళ్ళీ చదివితే నాకూ అలాగే అనిపించింది. ముందు నేల చెమ్మ అన్నావు. తర్వాత పుస్తకం లేదన్నావు. ఇప్పుడు పలక తిప్పకు అంటున్నావు. 1989లో వెళ్తానన్న నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేసి అంత దూరం ఎందుకెళ్ళిపోయావో అమ్మకి ఈనాటికీ అర్థం కాదు.

పూర్వం ప్రాణం తీసుకున్నవాళ్ళనీ, బాప్తిస్మం లేకుండా పోయిన పసికందులనీ ఉత్తరం వైపు గుట్టుగా పెట్టేవాళ్ళు. అలాంటి తల్లిదండ్రులు నీ కాళ్ళు పట్టుకుంటే నువ్వు కాదని ఉండవు. అదే అయితే నేను నిన్నేమీ అనను. కానీ తెలియక యంత్రాన్ని వాళ్ళమీదికి దింపితే ఆ పాపం నాది.

ఎల్లుండి తల్లుల ఆదివారం. చర్చిలో తల్లులకిచ్చే పూలగుత్తి అమ్మ ఎప్పట్లా తీసుకెళ్ళి నాన్నకిస్తుంది. ఆ పూట కూడా నీ గురించి ఆయనకి మంచే చెబుతుంది. నేను చెప్పగలనో లేదో నువ్వే తేల్చు.

బ్రెండా

---

ఒబాన్
23 మార్చి

తల్లీ,

నువ్వనుకున్నట్టు పేరులేని వాళ్ళెవరూ అక్కడ లేరు. అక్కడ ఉన్నది మీ నాన్న.

గుక్క తిప్పుకోకుండా రాసేస్తాను, ఆగితే ఇక రాయలేను. రాళ్ళు పీకేముందు నేను కొలతలు బొగ్గుల కొట్టు మూల నుంచి తీశాను. చర్చిని వెచ్చగా ఉంచే పొయ్యికి బొగ్గు పోసుకునే కొట్టు ఉత్తరపు గోడకి ఆనుకుని మూడు గజాలు ముందుకి వచ్చి ఉండేది, నీకు గుర్తుండదు. ఆ వాన రోజుల్లోనే చదును చేసే పనివాళ్ళు దాన్ని కూడా పడగొట్టేశారు. పదో రోజు నేను పుస్తకం తెరిచి, కొట్టు లేదు కదా, గోడ ఉంది కదా అని గోడ నుంచి కొలిచి రాళ్ళు నాటాను. కొట్టు ఎంత ముందుకుండేదో కలపాలని బుర్రకి తట్టలేదు. దిబ్బలుంటే నేనో వదినో చూసి పోల్చుకునేవాళ్ళం, అవీ లేవు. నాలుగు రాళ్ళూ మూడు గజాలు గోడవైపు జరిగిపోయాయి. చాలా తిన్నగా జరిగిపోయాయి.

ఎనిమిదేళ్ళు నాకూ తెలీదు. 1979లో కంచె గుంజలకి చోటు చూస్తూ ఇనప ఊచ దింపితే ఠంగుమని తగిలింది. తవ్వి చూశాను. ఎల్. ఎల్. 1967. లెనర్డ్ లార్టర్. నా చేత్తో గీకిందే. పలకని మళ్ళీ అలాగే పెట్టి పచ్చిక కప్పేశాను.

రెండుసార్లు మీ వంటింటి గుమ్మం దాకా వచ్చాను. మొదటిసారి వదిన టీ పోసి, సోంపు కేకు ముక్క చేతిలో పెట్టి, "ఆయన దగ్గర అరగంట కూర్చుంటే నాకు వారమంతా గడిచిపోతుంది విల్ఫ్" అంది. కేకు తినేసి వచ్చేశాను. రెండోసారి నువ్వు పరీక్ష తప్పి ఏడుస్తున్నావు. మూడోసారి నేను రాలేదు. అప్పటికే ఎనిమిదేళ్ళు ఆలస్యమైంది, తొమ్మిదో ఏడు పెద్ద బరువనిపించలేదు. ఆదివారాలే బరువు. గంట మోగించి బయటికొచ్చేసరికి వదిన తలగుడ్డ కట్టుకుని వేరే నేలతో మాట్లాడుతూ ఉండేది. పదేళ్ళు తెలిసి తెలిసి చూశాను. ఇక చూడలేక షీలా దగ్గరికి వచ్చేశాను. ఎవరినీ దాచిపెట్టి పారిపోలేదు తల్లీ, సిగ్గుతో పారిపోయాను.

వదినకి గుండె బాగాలేదని నువ్వు రాసినప్పటి నుంచీ నాకు తిండి సహించడం లేదు. ఆవిడ పోతే ఆ రాయి ముందే తవ్వుతారు. మా అన్న మూడు గజాల అవతల ఒక్కడే ఉండిపోతాడు. పెళ్ళాన్ని కూడా అందులోనే పెట్టాలని కదా నేను అంత లోతు తవ్వింది.

ఇది పోస్టులో వేసి వస్తున్నాను. బుధవారానికి నీకు అందాలి. గురువారం యంత్రాన్ని ఆపించు. వదినకి నేనే చెబుతాను. చెప్పనివ్వు.

విల్ఫ్

---

మార్ల్‌బీ
24 మార్చి

బాబాయ్,

యంత్రం ఇవాళే వచ్చేసింది. వాళ్ళ ఇంకో పని వానకి ఆగిపోయిందట, ఇక్కడికి తోలుకొచ్చారు. పది గంటలకి సందు వైపు నుంచి మొదలుపెట్టారు. పదకొండున్నరకి పసుపుపచ్చ బంకమట్టిలో మనిషి పొడవున నల్లమట్టి చారిక కనబడింది. దాని కొసన పలకరాయి. చెయ్యెత్తాను.

తిప్పి చూడకన్నావు. నా ఉద్యోగమే తిప్పి చూడడం. తాపీతో అంచు లేపి తిప్పాను. ముందు నీ చేతిరాత పోల్చుకున్నాను, తర్వాత అక్షరాలు, తర్వాత ఏడాది. యంత్రం తోలే అతను దిగొచ్చి "ఏంటమ్మా, కళ్ళు తిరిగాయా" అనేదాకా మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయానట.

మా పుస్తకాల్లో గుంటలకి పేర్లుండవు, నంబర్లుంటాయి. పదిహేడు. వయసొచ్చిన మనిషి. ఇరవయ్యో శతాబ్దం. పెట్టె కదిలించలేదు. చేతికి అలవాటైన మాటలు చెయ్యి రాసేసింది. రాశాక చదువుకుంటే అది మా నాన్న. ఆయన పోయేనాటికి నాకు నాలుగేళ్ళు. ఆయనకి ఇంత దగ్గరగా నేనెప్పుడూ రాలేదు, వచ్చినప్పుడు నంబరు వేశాను.

నీకు తెలుసు. అందుకే దక్షిణం వైపు, అందుకే ఈస్టర్ దాకా, అందుకే తిప్పకు. నేను ఇవాళ తిప్పకపోతే నువ్వు చచ్చేదాకా చెప్పేవాడివి కావు. మొన్న ఆదివారం అమ్మ తన పూలగుత్తి ఎవరికిచ్చిందో నీకు తెలుసా?

నాకిక రాయకు.

బ్రెండా

---

మార్ల్‌బీ
30 మార్చి

బాబాయ్,

నీ ఉత్తరం గురువారం వచ్చింది, ఒక రోజు ఆలస్యంగా. చదవకుండా పొయ్యిలో వేద్దామనుకున్నాను. కవరు మీద ముద్ర చూశాను. ఇరవై మూడు అని ఉంది. పలక దొరికింది ఇరవై నాలుగున. అంటే నేను తిప్పకముందే నువ్వు చెప్పావు. పంతొమ్మిదేళ్ళు ఆగి ఒక్క రోజు ముందు. దాన్ని ఎంత అనుకోవాలో నాకు తెలియడం లేదు. నువ్వెన్నటికీ చెప్పేవాడివి కావన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఒక్క మాటే.

పని ఆగింది. గొట్టాన్ని కంచె వారకి జరుపుతారు. సొంత తండ్రి కాబట్టి నన్ను ఆ పని నుంచి తప్పించి ఇంకొకణ్ణి పంపారు. మా పెద్దాయన మంచివాడు, ఏమీ అనలేదు. నువ్వు చెబుతానన్నావు గానీ అప్పటిదాకా ఊరు ఆగదు. తోటలో ఆ గుంట చుట్టూ నారింజ రంగు వల కట్టారు, ఎందుకో అందరికీ కావాలి. అందుకని గురువారం సాయంత్రమే అమ్మకి నేను చెప్పాను.

బంగాళదుంపల తొక్క తీస్తోంది. కత్తి ఆపకుండానే చివరిదాకా విన్నది. చేతిలో ఉన్న దుంప పూర్తి చేసి నీళ్ళలో వేసింది. "మరి ఇన్నేళ్ళూ నేను ఎవరితో మాట్లాడాను?" అంది. అంతే. నిన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

నిన్న ఆదివారం తను తోటకి వెళ్ళలేదు. ఆపరేషన్ అయినప్పుడు కూడా పక్కింటావిడ చేత పూలు పంపిందే. నిన్న పూల సీసా కడిగి కిటికీలో బోర్లించి ఉంది. నడవాలో నిలబడి చర్చి గంట ఆగేదాకా విని, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు భయంగా ఉంది బాబాయ్. ఆ అరగంట మీదే తను ముప్ఫై ఏళ్ళు బతికింది.

తనడిగిన దానికి జవాబు వెతికాను. రిజిస్టరులో లేదు, పటంలో లేదు. ఎవరితో మాట్లాడింది?

బ్రెండా

---

ఒబాన్
2 ఏప్రిల్

బ్రెండా,

ఈ ఉత్తరం వదినకి చదివి వినిపించు. ముక్క వదలకుండా చదువు.

వదినా, ఆ రాయి కింద ఉన్నది హన్నా థర్టిల్. చాకిరేవు సందు చివర ఒంటిగది ఇంట్లో ఉండేది. పాస్టరుగారి తెల్లంగీలు, బల్ల మీద పరిచే గుడ్డలు, పాటల బృందం బట్టలు ముప్ఫై ఏళ్ళు ఆవిడే ఉతికి గంజి పెట్టింది. 1949 ఫిబ్రవరిలో పోయింది. నేల రాయిలా గడ్డకట్టి ఉంది, గునపం దిగలేదు. బొగ్గుల కొట్టు పక్కన, పొయ్యి వేడి తగిలే చోట, కాస్త మెత్తగా ఉంటే మా నాన్నా నేనూ అక్కడ తవ్వాం. అప్పటికి నాకు ఈ పలకల అలవాటు రాలేదు. రాయి పెట్టించేవాళ్ళెవరూ లేరు. ఆ రోజు పాస్టరుగారు, మా నాన్న, నేను. నాలుగో మనిషి లేడు.

నాకు తెలిసినంతలో ఆవిడకి మాటలంటే ఇష్టం. దారిలో ఎవరైనా దొరికితే బట్టల బుట్ట కిందపెట్టి మరీ నిలబెట్టేసేది. ఆఖరి ఏడు ఆసుపత్రిలో ఉంటే చూడ్డానికి ఎవరూ వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు.

నేను దీన్ని నా తప్పుకి మందుగా చెప్పడం లేదు. మీరు అడిగారు కాబట్టి చెప్పాను. మా అన్నని మీ నుంచి మూడు గజాలు దూరం చేశాను, తెలిశాక కూడా నోరు మూసుకున్నాను. మొదటిది పొరపాటు. రెండోది కాదు.

విల్ఫ్రెడ్

---

మార్ల్‌బీ
6 ఏప్రిల్

బాబాయికి,

శనివారం చదివాను, ముక్క వదలకుండా. అమ్మ "గంజి వాసన వచ్చే ఆవిడ కదూ. చిన్నప్పుడు మాకు దోసిట్లో బఠానీలు పోసేది" అంది. తర్వాత అలమర తెరిచి రెండో సీసా ఉందా అని వెతికింది. జామ్ సీసా దొరికింది.

నిన్న మట్టల ఆదివారం. ఆరాధన అయ్యాక రెండు సీసాలు పట్టుకుని తోటకి బయల్దేరింది. నన్ను నాలుగడుగులు వెనక నడవమంది. ముందు రాయి దగ్గరికే వెళ్ళింది. పూలు పెట్టి, చేతులు ఒరుసుకుని, ఇలా అనడం విన్నాను.

"హన్నా, ఇన్నేళ్ళూ నిన్ను లెన్ లెన్ అని పిలిచాను, ఏమనుకోకు. నా మోకాళ్ళ నొప్పులూ, మా బ్రెండా విడాకులూ, అన్నీ ఓపిగ్గా విన్నావు. ఒక్కటీ బయటికి పొక్కలేదు. మంచిదానివి."

నాకు నవ్వొచ్చింది కూడా. అప్పుడు రెండో సీసా తీసుకుని మూడు గజాలు నడిచి వల దగ్గరికి వెళ్ళింది. నిలబడింది. ఎంతసేపటికీ మాట రాలేదు. దగ్గరికి వెళ్ళి, చెప్పుకోవడానికి చాలా ఉంటాయి కదమ్మా అన్నాను.

"రాయి జరిగిన ఏడు నుంచీ ఆయనకి ఏమీ తెలీదే. ఎక్కడ మొదలుపెట్టను? నువ్వు ఎనిమిదేళ్ళ పిల్లవనే అనుకుంటూ ఉంటాడు" అంది.

అప్పుడు ఏడ్చింది. తొక్క తీసిన రోజు నుంచీ ఏడవనిదంతా ఏడ్చింది. వలకి ఇవతల పచ్చిక మీద కూర్చోబెట్టి చేయి పట్టుకున్నాను. లేచేముందు, "ఇది బ్రెండా. పెద్దదయింది" అని మాత్రం చెప్పి వచ్చింది.

నీకు ఒక మాట చెప్పమంది, తను అన్నది అన్నట్టే రాస్తున్నాను. "క్షమించానని చెప్పను. చెప్పాలని చూశాను, రావడం లేదు. కానీ ఆ రాయిని ఇంకెవరూ ముట్టుకోకూడదు. నాటినవాడే వచ్చి పీకాలి."

ఈస్టర్ అయ్యాక జరపడానికి అనుమతి వచ్చింది. మిగతా మూడు రాళ్ళు కూడా.

బ్రెండా

---

ఒబాన్
8 ఏప్రిల్

వదినకీ, బ్రెండాకీ,

ఈస్టర్ మర్నాడు బయల్దేరి మంగళవారం మధ్యాహ్నానికి చేరతాను. స్టేషనుకి ఎవరూ రావద్దు, నడిచి వస్తాను. మీ ఇంట్లో దిగుతానని అడగను. హోవ్స్‌కి కార్డు రాశాను, వాళ్ళింట్లో మంచం ఉందట.

నా పాత పార పట్టుకొస్తున్నాను. రైల్లో పారేమిటి నాన్నా అని షీలా తల పట్టుకుంది. ఒక పలకరాయి కూడా తెస్తున్నాను. హెచ్. టి. 1949 అని గీకాను. అక్షరాలు వంకరొచ్చాయి, హన్నా ఏమీ అనుకోదు.

డెబ్భై నాలుగేళ్ళొచ్చినా తవ్వడం నాకింకా వచ్చు. కొలవడం మాత్రం నా చేతికి ఇవ్వకండి. టేపు ఒక కొస బ్రెండా పట్టుకోవాలి, రెండో కొస వదిన పట్టుకోవాలి. ఎక్కడో మీరిద్దరూ చూపించాకే నేను పార దించుతాను.

విల్ఫ్